రెండో పొద్దు ఉన్నచోట చీకటి ఎక్కడిది?

మే నెల ఆఖరి వారం. ఒంగోలు దగ్గర మా అమ్మావాళ్ల ఊళ్లో డాబా మీద పక్కలు వేసుకున్నాం. రాత్రి పది అయింది. సెలవులకొచ్చిన మేనల్లుణ్ని పిట్టగోడ దగ్గరికి తీసుకెళ్లి దక్షిణం వైపు చూపించాను. చెయ్యి చాచి పిడికిలి పట్టుకుంటే నేల మీంచి పిడికిలిన్నర ఎత్తు కూడా ఉండదు, అక్కడ రెండు పెద్ద చుక్కలు పక్కపక్కన ఉంటాయి. ఎడమవైపుది లేత పసుపు. అదే ఆల్ఫా సెంటారి. మన సూర్యుడికి అన్నిటికన్నా దగ్గరున్న నక్షత్ర కుటుంబం, దాదాపు 4.4 కాంతి సంవత్సరాల దూరం. ఆ రెండిటికీ కుడిపక్కన కాస్త వాలి కనబడే నాలుగు చుక్కలు త్రిశంకుడు.

న్యూజెర్సీలో ఉన్న మా తమ్ముడికి ఈ చుక్క ఎప్పటికీ కనబడదు. అంత ఉత్తరానికి వెళ్లినవాళ్లకు అది నేల దాటి పైకి రాదు. మనకు మాత్రం ఎండాకాలం రాత్రుల్లో వచ్చి పోతుంది. అది ఒక్క చుక్క కాదు, రెండు చుక్కల జంట అని మొదట దుర్భిణిలో చూసింది కూడా మన తీరం నుంచే. 1689లో పాండిచ్చేరిలో ఒక తోకచుక్కను గమనిస్తున్న జీన్ రిషో అనే ఫ్రెంచి పాద్రీ ఆ సంగతి కనిపెట్టాడు. ఆ జంట చుట్టూ దూరంగా తిరిగే మూడోది, మన కంటికి ఆనని ప్రాక్సిమా, 1915లో గానీ బయటపడలేదు.

"అవతార్ కథ అక్కడేగా మావయ్యా జరిగేది? పండోరా నిజంగా ఉండొచ్చా?" అన్నాడు వాడు.

"ఉండొచ్చు గానీ, రాత్రిళ్లు మనం సినిమాలో చూసినంత చీకటిగా ఉండవురా" అని మొదలుపెట్టాను. పక్క మీంచి మా చెల్లి అందుకుంది. "కథే కదన్నయ్యా. దానికి కూడా లెక్కలేనా?"

ఇరవై ఏళ్లుగా ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతున్నాను. ఈ మాట నాకు కొత్త కాదు. కానీ మా చెల్లి అడిగిన తీరులో నిజమైన ప్రశ్న ఉంది. కల్పన అన్నాక దానికి స్వేచ్ఛ ఉండాలి కదా? ఆ రాత్రి తడబడుతూ ఏదో చెప్పాను. తీరిగ్గా ఆలోచించాక చెప్పాలనిపించిన జవాబు ఇది.

ముందు ఆ త్రిశంకుడి దగ్గర్నుంచే మొదలుపెడతాను. బొందితో స్వర్గానికి వెళ్తానన్న రాజు కోసం విశ్వామిత్రుడు దక్షిణాకాశంలో కొత్త నక్షత్రాలనే పుట్టించాడు. ఆ లోకంలో గురుత్వాకర్షణ ఎంత అని నేను అడగను. ఆ కథ సైన్సు పేరు చెప్పి నన్ను నమ్మమనలేదు. అయినా అందులో ఒక సంగతి ఉంది. ఆ లోకం ఊరికే రాలేదు. విశ్వామిత్రుడు తాను కూడబెట్టుకున్న తపఃఫలాన్ని ధారపోశాడు. అంతా చేసినా త్రిశంకుడు తలకిందులుగా వేలాడుతూ మిగిలాడు. పురాణం చెప్పినవాడికి కూడా తెలుసు, ఖర్చు లేకుండా వచ్చిన లోకం వినేవాడి మనసులో నిలవదని.

సైన్స్ ఫిక్షన్ ఇంకో మెట్టు ముందుకు వేస్తుంది. ఫలానా నక్షత్రం, ఇన్ని కాంతి సంవత్సరాలు, ఫలానా గ్రహం చుట్టూ తిరిగే ఉపగ్రహం అని చిరునామా చెబుతుంది. ఆ చిరునామా వల్లనే మనకు ఒళ్లు జలదరిస్తుంది. మేనల్లుడు నిద్రమానుకుని పిట్టగోడ దగ్గర నిలబడింది అందుకే. ఆ చిరునామా వాడుకున్న రచయిత అక్కడి ఎండకూ గాలికీ బరువుకూ కట్టుబడాలని నా వాదన. ఒక అబద్ధం ఆడే హక్కు అతనికి ఎప్పుడూ ఉంది. కొండంత అబద్ధమైనా సరే. కానీ అది నిజమే అనుకుంటే దాని వెంట ఏమేం రావాలో అవన్నీ రావాలి. ముఖ్యంగా అక్కడ పుట్టినవాళ్ల ఒంట్లోకి, అలవాట్లలోకి, భయాల్లోకి రావాలి.

పండోరా రాత్రి సంగతే చూద్దాం. 2009 నాటి జేమ్స్ కామెరాన్ సినిమాలో పండోరా ఒక పెద్ద వాయుగ్రహానికి ఉపగ్రహం. ఆ గ్రహం ఆ జంటలో పెద్దదైన ఆల్ఫా సెంటారి ఎ చుట్టూ తిరుగుతుంది. తెర మీద రాత్రి నల్లగా ఉంటుంది, ఆ నల్లదనంలో అడవి అడవంతా నీలంగా, ఊదాగా వెలుగుతుంది. అడుగు వేసినచోటల్లా నాచు మెరుస్తుంది. ఆ దృశ్యం నాకూ ఇష్టమే. కానీ ఆ ఆకాశంలో ఇంకో సూర్యుడు ఉన్నాడు. జంటలో రెండోది, ఆల్ఫా సెంటారి బి. మన సూర్యుడి వెలుగులో సగం వెలుగు దానిది. ఎ, బి రెండూ ఒకదాని చుట్టూ ఒకటి తిరగడానికి దాదాపు 80 ఏళ్లు పడుతుంది. దగ్గరికొచ్చినప్పుడు వాటి మధ్య దూరం భూమికీ సూర్యుడికీ ఉన్న దూరానికి 11 రెట్లు, దూరం జరిగినప్పుడు 36 రెట్లు.

కాగితం మీద వేస్తే రెండు నిమిషాల లెక్క. దూరం 11 రెట్లయితే వెలుగు 121 వంతుల్లో ఒకటి అవుతుంది. అందులో సగం అంటే సుమారు 240 వంతుల్లో ఒకటి. మన మిట్టమధ్యాహ్నపు ఎండను 240 పెట్టి భాగించండి. ట్యూబులైట్లు వేసిన ఆఫీసు గదిలో ఉండేంత వెలుగు వస్తుంది. అది నిండు పున్నమికి 1600 రెట్లు. హాయిగా పేపరు చదువుకోవచ్చు, సూదిలో దారం ఎక్కించొచ్చు. బి బాగా దూరం జరిగిన కాలంలో కూడా పున్నమికి 150 రెట్లు ఉంటుంది.

అంటే ఆ లోకంలో ఏడాదిలో కొన్ని నెలలు బి రాత్రంతా ఆకాశంలోనే ఉంటుంది. కొన్ని నెలలు సగం రాత్రికి అస్తమిస్తుంది. ఇంకొన్ని నెలలు పగలే వచ్చి పగలే పోతుంది, అప్పుడు మాత్రమే రాత్రంతా చీకటికి చోటు. ఆ చీకట్లోనూ తల మీద పెద్ద గ్రహం వెలుగు పడుతూ ఉంటుంది. ఆఫీసు గదంత వెలుగులో అడవి మెరుపు కంటికి ఆనదు. మరి ఏ మొక్కయినా ఏడాది పొడుగునా వెలుగు ఉత్పత్తి చేయడానికి ఎందుకు శక్తి ఖర్చు పెడుతుంది? చీకటి నెలల్లోనే వెలగాలి. మన దగ్గర మామిడికి పూత కాలం ఉన్నట్టు అక్కడి అడవికి మెరిసే కాలం ఉండాలి.

ఇక్కడ ఒక చిత్రమైన సంగతి దొరికింది, దొరికినప్పుడు నేను నిజంగా కుర్చీలోంచి లేచాను. ఎ, బి దగ్గరికొచ్చింది 1955లో. మళ్లీ 2035లో వస్తాయి. ఆ తర్వాత 2115 ప్రాంతంలో. సినిమా కథ జరిగేది 2154లో. అంటే ఆ చక్రంలో సరిగ్గా బి అతి దూరంగా ఉన్న కాలం! పండోరా మీద రాత్రులు ఉన్నంతలో చీకటిగా ఉండే రోజులవి. అప్పుడు పుట్టిన పిల్లలకు అడవి మెరుపు గాఢంగా తెలుసు. అక్కడి ముసలివాళ్లకు, వాళ్ల చిన్నప్పుడు వెలుగు ఎక్కువగా ఉన్న రాత్రులు గుర్తుంటాయి. మన అరవై సంవత్సరాల పేర్లు, ప్రభవ నుంచి అక్షయ దాకా, బృహస్పతి ఆకాశంలో ఐదు చుట్లు తిరిగే కాలంతో ముడిపడి వచ్చాయి. అరవైకి షష్టిపూర్తి చేసుకుంటాం, ఎనభై దాటితే సహస్ర చంద్ర దర్శనం అంటాం. కేవలం రెండు చిన్న వెలుగులు చూసి మనం ఇంత కట్టుకుంటే, రెండో సూర్యుడు ఎనభై ఏళ్లకోసారి దగ్గరికొచ్చే చోట ఎన్ని పండగలు, ఎన్ని భయాలు, ఎన్ని సామెతలు పుట్టాలి! తెర మీద ఒక్కటీ లేదు. నా బాధ అది. సైన్సు తప్పినందుకు కాదు, సైన్సు ఇవ్వబోయిన కథను వాళ్లు తీసుకోనందుకు.

మేనల్లుడికి ఈ లెక్క చెప్పినప్పుడు వాడు అడిగిన ప్రశ్న: "వెలుగున్న నెలల్లో గుడ్లగూబ ఏం తింటుంది మావయ్యా?" ఒక లోకం నిజమనిపించడం మొదలైతే ప్రశ్నలు ఇలా వస్తాయి.

పండోరా బరువు సంగతి కూడా ఇంతే. బృహస్పతి చందమామలన్నీ కలిపి తూస్తే గ్రహం బరువులో పదివేలకు రెండు వంతులు. శనికీ ఇంచుమించు అంతే. యురేనస్‌కు ఒక వంతు. గ్రహంతోపాటు, దాని చుట్టూ తిరిగే ధూళి వాయువుల్లోంచి పుట్టే ఉపగ్రహాలకు ఇది దాదాపు హద్దులా కనబడుతుంది. ఈ లెక్కన భూమి అంత ఉపగ్రహం కావాలంటే గ్రహం భూమికి కనీసం ఐదు వేల రెట్లు ఉండాలి. బృహస్పతి 318 రెట్లే. ఐదు వేల రెట్లంటే దాన్ని గ్రహం అనడం కష్టం. 2025 ఆగస్టులో జేమ్స్ వెబ్ టెలిస్కోపుతో చూసినవాళ్లు ఆల్ఫా సెంటారి ఎ దగ్గర ఒక వాయుగ్రహం జాడ దొరికిందని ప్రకటించారు. ఒక్కసారి కనబడింది, తర్వాత రెండుసార్లు చూస్తే కనబడలేదు, ఇంకా ఖాయం కాలేదు. ఉంటే దాని బరువు శని అంత. శని పెంచగలిగిన అతి పెద్ద ఉపగ్రహం టైటన్. భూమిలో నలభై వంతుల్లో ఒకటి కూడా లేదు.

పండోరా అసాధ్యమని ఇక్కడితో తీర్పు చెప్పేవాళ్లు ఉంటారు. వాళ్లతో నేను ఏకీభవించను. ఎందుకంటే నెప్ట్యూన్ చుట్టూ ట్రైటన్ ఉంది. అది అక్కడ పుట్టింది కాదు. బయట తిరిగేదాన్ని నెప్ట్యూన్ పట్టేసుకుంది. అందుకే అది గ్రహం తిరిగే దిక్కుకు ఎదురు తిరుగుతుంది. పండోరా కూడా ఒకప్పుడు స్వతంత్రంగా తిరిగిన గ్రహమై, తర్వాత పెద్దదాని చేతికి చిక్కి ఉండొచ్చు. చిక్కినప్పుడు దాని సముద్రాలు పొంగి ఉంటాయి, లోపలి రాయి కాగి అగ్నిపర్వతాలు పగిలి ఉంటాయి, సగం జీవజాతులు పోయి ఉంటాయి. చూడండి, లెక్క ఆ లోకాన్ని చంపలేదు. దానికి ఒక గతం ఇచ్చింది.

ఒక్క విషయంలో మాత్రం నేను ఆ సినిమాను క్షమించలేను. పండోరా జంతువుల్లో గుర్రంలాంటిదానికీ పులిలాంటిదానికీ ఆరు కాళ్లు. ఊపిరి తీసుకునే రంధ్రాలు మెడ దగ్గరో రొమ్ము దగ్గరో ఉంటాయి. చాలావాటికి నాలుగు కళ్లు. అక్కడి మనుషులకు మాత్రం రెండు చేతులు, రెండు కాళ్లు, రెండు కళ్లు, ముక్కు. మన కోడికీ కప్పకూ ఆవుకూ మనకూ అవయవాలు నాలుగే కావడానికి కారణం అందరం ఒకే పూర్వజుల సంతతి కావడం. ఆ చుట్టరికం పండోరాలో తెగిపోయింది. ప్రేక్షకుడికి ప్రేమ పుట్టాలంటే మనలాగే ఉండాలనుకున్నారు. ఆరు అవయవాల తల్లి బిడ్డను ఎత్తుకుంటే మన గుండె కరగదా? కరుగుతుందని నా నమ్మకం.

ఇప్పుడు అదే నక్షత్రం దగ్గర పుట్టిన ఇంకో లోకం. చైనా రచయిత లియు సిషిన్ 2008 నవల 'త్రీ బాడీ ప్రాబ్లమ్'. మూడు సూర్యుల మధ్య చిక్కుకున్న గ్రహం. మూడు వస్తువులు ఒకదాన్నొకటి లాక్కుంటూ తిరిగితే వాటి దారిని ఒక సూత్రంలో పట్టలేమన్నది గణితంలో పాత సమస్య. దాన్ని ఒక జాతి తలరాతగా మార్చాడు ఆ రచయిత. రేపు పొద్దు పొడుస్తుందో లేదో, పొడిస్తే ఒకటో మూడో అక్కడ ఎవరికీ తెలియదు.

ఖగోళశాస్త్రం ప్రకారం ఇది పండోరా కంటే చాలా పెద్ద తప్పు. నిజమైన ఆల్ఫా సెంటారిలో ఆ గందరగోళం లేదు. ఎ, బి ఎనభై ఏళ్ల చక్రంలో గడియారంలా తిరుగుతాయి. ప్రాక్సిమా వాటికి భూమి సూర్యుడి దూరానికి 13 వేల రెట్ల అవతల ఉంది, ఒక్క చుట్టు తిరగడానికి దానికి ఐదు లక్షల ఏళ్లు పైనే పడుతుంది. ఎ దగ్గర నిలబడి చూస్తే ఆ మూడో సూర్యుడు వెతికితే గానీ దొరకని చిన్న చుక్క. ఒకవేళ మూడూ నిజంగానే దగ్గరదగ్గరగా కలబడితే, ఎంతో కాలం కాకముందే ఒకటి బయటికి విసిరేయబడుతుంది. మధ్యలో ఉన్న గ్రహం ఏ సూర్యుడిలోనో పడిపోతుంది, లేదా చీకట్లోకి ఎగిరిపోతుంది. జీవం పుట్టి ఎదగడానికి కోట్ల ఏళ్లు కావాలి, అంత గడువు అక్కడ లేదు.

అయినా నేను ఆ లోకాన్నే ఎక్కువ నమ్ముతాను. ఎందుకో చెప్తాను. అక్కడి జీవులు గడ్డుకాలం రాగానే ఒంట్లో నీరంతా వదిలేసి ఎండిన తోలులా చుట్టుకుపోతారు. మంచికాలం వచ్చాక నీళ్లలో నానబెడితే మళ్లీ లేస్తారు. చెరువు ఎండితే మట్టి అడుక్కి పోయి వానకు బయటికొచ్చే కప్పల్ని చూసిన ప్రకాశం జిల్లావాణ్ని, నాకు ఇది పరాయిగా అనిపించలేదు. వాళ్ల నాగరికత ఎన్నోసార్లు కూలి ఎన్నోసార్లు లేచింది. వాళ్లకు గణితం ప్రాణావసరం. నిలకడైన ఒక్క సూర్యుడున్న భూమి మీద వాళ్లకు పుట్టే ఆశ కూడా అందులోంచే వచ్చింది. ఒక్క అబద్ధం, దాని వెనుక బారులు తీరిన నిజాలు. మా చెల్లికి నేను ఆ రాత్రి చెప్పలేకపోయిన తేడా ఇదే. నేను అడిగే లెక్క టెలిస్కోపుకు చూపించే లెక్క కాదు. ఆ లోకం తనకు తాను చెప్పుకోవాల్సిన లెక్క.

ఈ విషయంలో నాకు గురువులాంటివాడు హాల్ క్లెమెంట్. అమెరికాలో బడిపిల్లలకు సైన్సు చెప్పిన పంతులు. 1953లో ఒక పత్రికలో ధారావాహికగా వచ్చిన 'మిషన్ ఆఫ్ గ్రావిటీ' నవల కోసం మెస్క్లిన్ అనే గ్రహాన్ని, కాలిక్యులేటర్లు లేని రోజుల్లో లెక్కలకు వాడే స్లైడ్ రూల్‌తో కట్టుకొచ్చాడు. బృహస్పతి కన్నా ఎన్నో రెట్లు బరువైన గ్రహం. పద్దెనిమిది నిమిషాల్లోపే తన చుట్టూ తాను ఒకసారి తిరుగుతుంది. ఆ విసురుకు నడుము దగ్గర ఉబ్బి దోసె పెనంలా చదును దేలింది. అందుకే నడుము దగ్గర ఆకర్షణ భూమికి మూడు రెట్లే, ధ్రువాల దగ్గర మాత్రం ఏడు వందల రెట్లు. సముద్రాల్లో నీళ్లు కాదు, ద్రవ మీథేన్.

అక్కడి జీవులు అడుగు పైచిలుకు పొడవున్న జెర్రుల్లాంటివాళ్లు. నేలను అంటిపెట్టుకుని బతుకుతారు. వాళ్లలో ఒక ఓడ నాయకుడు, వ్యాపారి, భూమి మనుషుల కోసం ధ్రువం దాకా ప్రయాణం కడతాడు. ఆ నవలలో నన్ను కట్టిపడేసినవి అంకెలు కావు, ఆ జీవుల భయాలు. ఏడు వందల రెట్ల బరువున్నచోట కొద్ది అంగుళాల ఎత్తు నుంచి పడ్డా చావే. కాబట్టి ఎత్తు అంటే వాళ్లకు ప్రాణభయం. తల మీద ఏదైనా బరువు ఉందంటే వణుకు. ఒక వస్తువును విసరొచ్చన్న ఆలోచనే వాళ్లకు తెలియదు, విసిరితే అది కంటికి కనబడకముందే నేలకు కొట్టుకుంటుంది. తక్కువ బరువున్న నడుము ప్రాంతానికి వచ్చాక ఆ నాయకుడు మొదటిసారి ఎత్తుకు అలవాటు పడతాడు. ఆ అలవాటు అతని మనసునే మార్చేస్తుంది. చివరికి మనుషులతో బేరం పెట్టినప్పుడు అతను అడిగేది సరుకులు కాదు, సైన్సు నేర్పమంటాడు. గురుత్వాకర్షణ సూత్రంలోంచి ఒక ప్రాణి స్వభావం పుట్టడం అంటే ఇది.

ఆ ఏడు వందలు తప్పని తర్వాత తేలింది. మళ్లీ లెక్కవేస్తే మూడు వందల లోపే వచ్చింది. ఆ గ్రహానికి ఆధారమైన ప్రకటన, 61 సిగ్ని నక్షత్రం దగ్గర కనబడని తోడు ఒకటి ఉందని 1942లో చేసినది, అదీ నిలబడలేదు. క్లెమెంట్ దీన్ని పాఠకుడితో ఆడే ఆటగా చూశాడు. తాను వీలైనంత తప్పులేకుండా కడతాడు, పాఠకుడు తప్పు పట్టుకోవాలి. పట్టుకున్నా లోకం కూలలేదు, ఎందుకంటే మూడు వందల రెట్ల దగ్గర కూడా కొద్దిపాటి ఎత్తు నుంచి పడితే చావే.

గ్రహమంతా ఒకే వాతావరణం పెట్టేసే సైన్స్ ఫిక్షన్ అలవాటు గురించి ఎక్కువ చెప్పను. ఒక్క రాష్ట్రంలోనే లంబసింగి చలి, రెంటచింతల ఎండ ఉన్నవాళ్లం మనం. నిజమే, అంగారకుడంతా ఎడారే, బృహస్పతి చందమామ యూరోపా అంతా మంచే. నా ప్రశ్న ఎడారి గురించి కాదు, కథల్లో ఆ ఎడారిలో ముసుగు లేకుండా తిరిగే మనిషి పీల్చే గాలి గురించి. ఆక్సిజన్ ఊరుకునే వాయువు కాదు. ఇనుమును తుప్పు పట్టిస్తుంది, రాళ్లలో కలిసిపోతుంది. ఎవరో ఒకరు ఎప్పటికప్పుడు తయారు చేస్తుంటేనే గాల్లో మిగులుతుంది. భూమి మీద ఆ పని పచ్చటి ఆకులది, సముద్రంలో కంటికి కనబడని నాచుది. చెట్టూచేమా లేని ఇసుక గ్రహంలో ఎవరు చేస్తున్నారు? 1965 నాటి 'డ్యూన్' నవలలో రచయిత ఫ్రాంక్ హెర్బర్ట్ ఈ ప్రశ్న వేసుకున్నాడు, ఆ పని ఇసుకలో తిరిగే మహా పురుగులకు అప్పగించాడు. నమ్మడం నమ్మకపోవడం తర్వాత, అడిగినందుకే ఆయనకు నమస్కారం.

నాకూ ఒక హెచ్చరిక అవసరం, అది 1995లో వచ్చింది. మిషెల్ మేయర్, డిడియే క్వెలో 51 పెగాసి నక్షత్రం దగ్గర ఒక వాయుగ్రహాన్ని కనుక్కున్నారు. బృహస్పతిలో దాదాపు సగం బరువు. దాని ఏడాది మనకు నాలుగు రోజుల పైచిలుకు. అంతకు ముందు ఏ కథలోనైనా అలాంటి గ్రహం వచ్చి ఉంటే నాలాంటి పంతులు ఎర్రసిరాతో కొట్టేసేవాడు. వాయుగ్రహాలు నక్షత్రానికి అంత దగ్గర పుట్టవని పాఠాల్లో ఉండేది. ఇప్పటికీ అది అక్కడే పుట్టిందని కాదు, దూరాన పుట్టి లోపలికి జారి వచ్చి ఉంటుందని ఎక్కువమంది నమ్మకం. 1952లోనే ఓటో స్ట్రూవ్ అనే శాస్త్రవేత్త ఇంత దగ్గర పెద్ద గ్రహాలు ఉండకూడదని ఏమీ లేదు, వెతకొచ్చు అని రాశాడు. చాలా ఏళ్లు ఆ మాటను ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఇప్పుడు మనకు తెలిసిన పరాయి గ్రహాలు ఆరు వేలు దాటాయి.

అందుకే రచయితను "ఇది సాధ్యమేనా?" అని అడగడం మానేశాను. "ఇది నిజమైతే ఇంకేం జరుగుతుంది?" అని అడుగుతున్నాను. తెలుగులో రాస్తున్న కుర్రవాళ్లు తమ కథలు పంపినప్పుడు కూడా నా ప్రశ్న ఇదే. రెండు చంద్రులు పెట్టావు, సరే. పోట్లు ఎలా ఉంటాయి? మీ జాలరి ఏ వేళ వలేస్తాడు? చాలాసార్లు ఆ జవాబులోంచే కథలో లేని పాత్ర ఒకటి నడిచి వస్తుంది.

మళ్లీ డాబా మీదికి. మేనల్లుడు ఫోన్ వెలుగులో నోట్‌బుక్ పెట్టుకుని బి వెలుగు లెక్క వేసుకుంటున్నాడు. దానికి చిన్నపొద్దు అని పేరు పెట్టాడు. చెల్లి నిద్రపోయిందనుకున్నాను. కాసేపటికి అటు తిరిగి పడుకునే అడిగింది.

"అయితే అన్నయ్యా, ఆ చిన్నపొద్దు ఉన్న రాత్రిళ్లు అక్కడివాళ్లకు మన సూర్యుడు కనబడడా?"

కనబడడు. చిన్నపొద్దు లేని వేళల్లోనే కనబడతాడు. మనం ఆల్ఫా సెంటారిని చూసే దిక్కుకు సరిగ్గా ఎదురు దిక్కున, కాసియోపియా అనే ఐదు చుక్కల మెలిక చివర ఆరో చుక్కగా. ఆ ఐదు చుక్కలూ మనకూ ఉన్నాయి, ఆరోచోట ఖాళీ ఉంటుంది, ఆ ఖాళీలో వాళ్లకు మనం ఉంటాం.

చెల్లి లేచి ఉత్తరం వైపు చూసింది. ఆ వేళకు కాసియోపియా ఇంకా పైకి రాలేదు. తెల్లవారుజామున ఈశాన్యంలో ఉంటుందని చెప్పాను. నాలుగింటికి అలారం పెట్టమంది.